పేడపురుగు మెడలో పచ్చపోగు

నాకు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయని మా అక్క అనేది. ఆ రోజు పొద్దున పదిన్నరకి నా చెవుల దగ్గర గిన్నె పెడితే నీళ్లు కాగేవి. అంత కోపానికి కారణం రెండే మాటలు. ఒక పురుగుకి పెట్టిన రెండు మాటల పేరు. పురుగు పేరు కోసం ఇంత రభస ఏమిటి ముసలోడా అని మీకు అనిపిస్తే కాస్త ఓపిక పట్టండి. ఇది నేను పెంచి చెప్పే కథ కాదు. పెంచి చెప్పేవి వేరే ఉన్నాయి.

నేను మ్యూజియంలో పురుగుల గదిలో పనిచేస్తాను. నలభై ఒక్క ఏళ్లుగా చచ్చిన పురుగుల్ని మెత్తబరచి, కాళ్లు సర్ది, వీపులో సూది గుచ్చి, పెట్టెల్లో వరసగా నిలబెడుతున్నాను. అందుకే అందరూ సూదుల తాత అంటారు. చదివింది ఊరి బడిలో అయిదో తరగతి. ఆ గదిలో కలరా ఉండల వాసన పీల్చి పీల్చి నా చొక్కాకి చిమ్మట పట్టడం మానేసి ముప్పై ఏళ్లయింది.

ఇక కథలంటారా, చెప్తాను, దాచేదేముంది. ఒకసారి ఒక కొమ్ముల పురుగు నా వలని పట్టుకుని ఎగిరితే, వల కర్ర వదలక నేనూ దాంతో పాటు మూడు కాలవలు దాటాను. నాలుగో కాలవ దగ్గర దానికి దాహం వేసి దిగింది కాబట్టి ఇవాళ మీకు ఈ ముక్క చెప్పగలుగుతున్నాను. మొన్న చెప్పినప్పుడు రెండు కాలవలేగా అని గదిలో వాళ్లు పట్టుకుంటే, మూడోది అప్పుడు ఎండిపోయి ఉంది, లెక్కలోకి రాదు అన్నాను. నవ్వుతారు. నవ్వనీ. కానీ ఒక్క విషయంలో నేనెప్పుడూ పెంచలేదు, తుంచలేదు. సూది కింద గుచ్చే చీటీ. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు పట్టారు. కథ నోటితో చెప్తాను, చీటీ మీద రాయను.

చీటీల్లో రంగులున్నాయి. మామూలు పురుగుకి తెల్లది. తలో కాలో ఊడిపోతే తుమ్మ జిగురుతో అతికిస్తాం కదా, అలా అతికించినదానికి నీలం చీటీ. ఎర్రది మాత్రం అన్నిటికీ దక్కదు. దాని సంగతి వస్తోంది.

మా అక్క కూతురు కూడా ఆ గదిలోనే బొమ్మలు గీస్తుంది. పురుగుని అద్దం కింద పెట్టి, కాలి మీద ఎన్ని వెంట్రుకలుంటే అన్నీ గీస్తుంది. పదకొండేళ్ల కిందట అది పేడపురుగుల్లో ఒక కొత్త రకం పట్టింది. వేలి గోరంత పురుగు, నెత్తిన వెనక్కి వంగిన కొమ్ము. మిగతా పేడపురుగులు బొరియ తవ్వి వదిలేస్తాయి. ఇది మాత్రం సాయంత్రం కాగానే లోపలికి పోయి, కొమ్ముతో మట్టి లాక్కుని బొరియ మూతి మూసుకుంటుంది. మా పిల్ల నాలుగు వానాకాలాలు బోర్లా పడుకుని అది చూసింది. మోచేతులకి కాయలు కాశాయి. పరిశోధనకి తగ్గ పట్టా లేదని మ్యూజియం పంపదు కాబట్టి సెలవు పెట్టుకుని పోయేది. అలా పట్టినవి ఎనిమిది.

కొత్త రకానికి పేరు పెట్టాలంటే రెండు మాటలు కావాలి. మొదటిది ఇంటిపేరు లాంటిది, దగ్గర చుట్టాలందరికీ ఒకటే. రెండోది దాని సొంత పేరు. మన పేర్ల లాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ఇంటిపేరు మారిస్తే ఒప్పుకోనని మా పిల్ల మొదటి నుంచీ అంటుండేది.

“ఇది కొత్త ఇల్లు కాదు మావయ్యా. పాత ఇంట్లో కొత్త పిల్ల. ముందు కాళ్ల మీద రంపంలా మూడు పళ్లున్నాయి చూడు, ఆ ఇంట్లో అందరికీ మూడే.”

సొంత పేరుకి తలుపు వేసుకునేది అనే అర్థం వచ్చే మాట ఒకటి, పురుగుల పేర్లకి వాడే పాతభాషలో, వెతికి పెట్టుకుంది. తనకి దక్కేదల్లా ఆ ఒక్క మాట. పురుగు ఎలాగూ దానిది కాదు, మ్యూజియంది. జీతం పెరగదు, కుర్చీ మారదు. కానీ ఆ మాట ఒకసారి అచ్చయితే, ఆ పురుగు గురించి ఏ దేశంలో ఎవరు రాసినా పక్కనే పేరు పెట్టినవాళ్ల పేరు రాయాలి. తాను పోయాక కూడా.

వ్యాసం రాసి, బొమ్మలు గీసి, తప్పులుంటే దిద్దమని మా విభాగం పెద్దసారుకి ఇచ్చింది. ఆయన ఎనిమిది నెలలు దాన్ని సొరుగులో పెట్టుకున్నాడు. అడిగితే చూస్తున్నానమ్మా అనేవాడు. చూస్తూనే ఉన్నాడు పాపం, దొంగ ఇల్లు చూసినట్టు.

ఆ పదిన్నరకి పురుగుల శాస్త్రం పత్రిక వచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు, మా పిల్లే చదివి చెప్పింది. మొదటి పేజీలోనే చదవడం ఆపేసింది. పురుగు అదే. రాసింది పెద్దసారు. పేరులో ఇంటిపేరు ఆయన మామగారిది, సొంత పేరు కూడా ఆయన మామగారిదే. ఆ మామగారు మా మ్యూజియం పాలకమండలికి అధ్యక్షుడు. వచ్చే నెల ఆయనకి డెబ్బై ఏళ్లు నిండిన సన్మానం, అందులో పురుగు బొమ్మ ఫ్రేము కట్టి ఇస్తారట. పేడపురుగుని మామగారికి కానుకిచ్చే అల్లుడి ధైర్యానికి నేను మొదట నవ్వాను. తర్వాత వ్యాసం చివరి వాక్యం చదివింది మా పిల్ల. నమూనాలు పట్టడంలో సాయపడిన మ్యూజియం సిబ్బందికి కృతజ్ఞతలు.

సిబ్బంది. నాలుగు వానాకాలాలు బురదలో పడుకున్న మనిషికి పేరు లేదు. అప్పుడే నా చెవులు అంటుకున్నాయి.

పోయి నిలదీద్దాం పద అన్నాను. మా పిల్ల కదల్లేదు. కళ్లు తుడుచుకోలేదు, ఏడవలేదు కాబట్టి. పళ్లు బిగబట్టి చెప్పింది. పేర్లకి ఒక నియమాల పుస్తకం ఉంది. ఎవరు ముందు అచ్చువేస్తే వాళ్ల పేరే పేరు. అందులో దొంగతనం అన్న మాటకి చోటు లేదు. ముందా వెనకా అన్నదొక్కటే చూస్తారు. ఆయన ముందు, తను వెనక. అయిపోయింది.

“అయిపోవడమేమిటే. ఎలా అయిపోతుంది?” అన్నాను.

“పేరు చెడగొట్టాలంటే ఎర్ర చీటీ పురుగు చెడాలి మావయ్యా. అది చెడదు.”

ఎర్ర చీటీ అంటే ఇదీ. పేరు జాతి మొత్తానికి పెట్టినా, దాన్ని కట్టేసేది మాత్రం ఒకే ఒక్క పురుగుకి. పేరు పెట్టినవాడు ఒకదాన్ని ఎంచుకుని ఎర్ర చీటీ గుచ్చుతాడు. రేపు ఏ గొడవ వచ్చినా బీరువా తెరిచి ఆ ఒక్కదాన్ని చూస్తారు. అది ఏ రకమైతే ఆ పేరు ఆ రకానిది.

మా పిల్ల పేజీ తిప్పి పెద్దసారు ఎర్ర చీటీ పురుగు ఫొటో చూసింది. నుదురు ముడిపడింది. మిగిలిన తన ఏడు పురుగులూ తన బీరువాలోనే ఉన్నాయి, తాళం తన దగ్గరే ఉంది. మరి ఇది ఎక్కడిది? పైగా ముందు కాళ్ల మీద మూడు కాదు, నాలుగు పళ్లున్నాయి. కొమ్మున్న తలా, నాలుగు పళ్ల కాళ్లూ ఒకే పురుగుకి ఉండటం ప్రపంచంలో ఇదే మొదటిసారి కాబట్టి దీనికి కొత్త ఇంటిపేరు పెడుతున్నానని పెద్దసారు రెండు పేజీలు ఆ కాళ్ల గురించే రాశాడు.

నేను భూతద్దం లాక్కుని ఫొటో మీద పెట్టాను. మెడ దగ్గర ఒక సన్నని మెరుపు. తుమ్మ జిగురు ఆరితే అలాగే మెరుస్తుంది. కింద కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాను. అదృష్టం, ఉంది.

అది నేను చేసిన పురుగు.

రెండేళ్ల కిందటి మాట. గుమ్మం పక్కన బడిపిల్లలు చూడ్డానికి ఒక గాజుపెట్టె ఉంటుంది. అందులో కాళ్లు విరిగిన పురుగులే ఉన్నాయి, కొమ్మున్నది ఏదైనా అందంగా పెట్టమని పెద్దసారే అన్నాడు. మా పిల్ల అప్పుడు నాలుగు నెలలు ఊళ్లో లేదు. పోయే ముందు, ఎనిమిదో పురుగు ఒంటిని చీడ తినేసింది, తలొక్కటే మిగిలింది, నీ చిల్లర డబ్బాలో వేసుకో మావయ్యా అని ఇచ్చింది. చిల్లర డబ్బా అంటే ఊడిన కాళ్లూ రెక్కలూ దాచే డబ్బా. నేను ఆ తలని, రోడ్డు పక్క పేడకుప్పలో దొరికే మామూలు పేడపురుగు ఒంటికి తగిలించాను. మెడ నిలవాలి కదా, లోపల నా పళ్ల బ్రష్షు నుంచి పీకిన ఆకుపచ్చ పోగు ఒకటి పెట్టి, చుట్టూ జిగురు వేశాను. అద్దం పెట్టకుండా చూస్తే అతుకు ఎవడికీ కనపడదు. కింద నీలం చీటీ గుచ్చి రాశాను: అతుకు, తల ఒకదానిది, ఒళ్లు మరొకదానిది, పిల్లలు చూడ్డానికి. అతికించినవన్నీ రాసే పుస్తకంలో మాత్రం ఎక్కించలేదు. బొమ్మకి పుస్తకమెందుకులే అనుకున్నాను. బద్ధకం, ఇంకేమీ కాదు.

పోయినేడు గాజుపెట్టె ఖాళీగా కనిపిస్తే, శుభ్రం చెయ్యడానికి తీశామన్నారు. శుభ్రం చేశాడు మహానుభావుడు. ఏ కాలో ఊడితే అతికించామనుకున్నాడో ఏమో, నీలం చీటీ చదవకుండానే పీకి పారేసి, మా పిల్ల వ్యాసంలోంచి ఊరూ తేదీ ఎత్తి తెల్ల చీటీ రాసి, పైన ఎర్రది గుచ్చాడు. నలభై ఏళ్ల ఉద్యోగంలో పురుగుని దొంగిలించినవాళ్లని చూశాను గానీ, చీటీని చంపినవాణ్ణి చూడలేదు.

మా పిల్లకి చెప్పాను. నా మీద ఇంతెత్తున లేచింది. నా కొమ్ము పురుగు తలని బొమ్మకి తగిలిస్తావా, పుస్తకంలో రాయవా, నీకు బుద్ధుందా అని ముప్పై ఏళ్ల బాకీ తీర్చుకుంది. తిట్టించుకున్నాను. అర్హుణ్ణే.

అక్కడి నుంచి తిన్నగా పెద్దసారు గదికి వెళ్లాను. ఇద్దరు గుమాస్తాలు సన్మానం ఆహ్వానాలు మడతపెడుతున్నారు. సారూ, మీ పురుగుకి తల వేరు ఒళ్లు వేరు, మెడలో నా పళ్ల బ్రష్షు పోగుంది అని చెప్పాను. చెప్తుంటే నాకే తెలిసింది, ఇది ఎంత అబద్ధంలా వినపడుతోందో.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “తాతా, ఇది నాలుగో కాలవా?”

గుమాస్తాలు పడీ పడీ నవ్వారు. రేపు పురుగు పళ్లు తోముకుంటుందని చెప్తావా అని ఒకడు అందుకున్నాడు. నవ్వింది వాళ్లు కాదు, నా నలభై ఏళ్ల కథలు. మూడు కాలవలు కట్టగట్టుకుని వచ్చి నా నోట్లో పోసినట్టయింది. ఆహ్వానాల బల్లని తన్నాలనిపించింది. మోకాలి నొప్పి ఆపింది.

ఇక మిగిలింది తాళాలమ్మ. ఎర్ర చీటీ పురుగులన్నీ ఆవిడ బీరువాలో ఉంటాయి. నా కథకి ఒక్కసారి కూడా నవ్వని మనిషి ఆ భవనంలో ఆవిడొక్కతే. అందుకని ఆవిడంటే నాకు గిట్టేది కాదు. నేనూ మా పిల్లా పోయి చెప్తే విని, నవ్వకుండానే బదులిచ్చింది. ఎర్ర చీటీ పురుగుని పరీక్షించమని ఎవరైనా కాగితం పెట్టొచ్చు. పేరు పెట్టినవారి ఎదుట, తన కళ్ల ముందు, తన బల్ల మీద. అతుకు లేదని తేలితే మాత్రం, పరీక్ష పేరుతో ఎర్ర చీటీ నమూనా పాడుచేసినందుకు మీ ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

మా పిల్ల వెంటనే కాగితం రాసి కింద సంతకం పెట్టింది. పక్కన నేనూ పెట్టాను.

పెద్దసారు మర్నాడు పొద్దున తయారుగా వచ్చాడు. రానంటే అనుమానం వస్తుంది. పైగా ఆయన నమ్మలేదు, అదే నాకు ఎక్కువ మండింది. ఆ మెడని రెండు నిమిషాలు అద్దం కింద పెట్టి చూసినా తెలిసేది. చూడలేదు. మా పిల్లయితే వెంట్రుకలు లెక్కపెట్టి ఉండేది.

తాళాలమ్మ పురుగుని తెల్ల పింగాణీ పళ్లెంలో పెట్టి, గోరువెచ్చని నీళ్లలో సన్న కుంచె ముంచి నాకిచ్చింది. తుమ్మ జిగురు నీళ్లకి కరుగుతుంది. పురుగు మెడ కరగదు. ఒక్కో చుక్కా మెడకి అద్దుతూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు, ఏమీ కాలేదు. ఎనిమిది నిమిషాలు. పెద్దసారు గడియారం చూసుకుని, తాతా నీ జిగురు గట్టిదే అన్నాడు. ఇంకో చుక్క అద్దాను. నేను అతికించినది ఊడిరావాలని కోరుకోవడం నా బతుకులో అదే మొదలు.

పన్నెండో నిమిషంలో తల ముందుకు తూగింది, క్లాసులో కునుకు పట్టిన పిల్లాడిలా. మరో చుక్క. తల పళ్లెంలో పడింది. ఒంటి మెడలోంచి ఆకుపచ్చ పోగు నిటారుగా నిలబడి ఉంది.

తాళాలమ్మ అద్దం పెట్టి చూసి, పెద్దసారుకి అద్దం ఇచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. చూసి, ఎంతైనా చదువుకున్నవాడు కదా, సందు వెతికాడు. రెండు పురుగుల అతుకైతే, కానిదాన్ని తీసేసి అయినదాన్ని ఉంచుకోమని నియమం ఉంది, తల కొత్త రకానిది కాబట్టి ఒళ్లు తీసేద్దాం, పేరు తలకి ఉంటుంది అన్నాడు.

తాళాలమ్మ తలూపింది. నియమం ఉన్నమాట నిజం, ఏది ఉంచాలో ఎవరు ముందు అచ్చువేస్తే వాళ్లదే మాట అంది. మళ్లీ అదే ముందూ వెనకా.

అప్పుడు మా పిల్ల మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“అచ్చువేయించండి సార్. కొమ్ము గురించి మీరు రాసింది ఒక్క వాక్యం, అదీ నాదే. కాళ్ల గురించి రెండు పేజీలు మీవి. ఆ కాళ్లు రోడ్డు మీద పురుగువని, చూసుకోకుండా రాశానని, మీ సంతకంతో అచ్చువేయించండి. సన్మానానికి ముందే.”

ఆయన అద్దం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సన్మానం అయ్యేదాకా ఆగుదాం అనుకున్నాడు. అయ్యాక, ఎవరు చదువుతార్లే అనుకున్నాడు. మా పిల్ల ఆగలేదు. నాలుగు రోజుల్లో రెండు పేజీలు రాసింది. ఆ ఎర్ర చీటీ పురుగులో తల పరాయిది, తీసేస్తున్నాను. మిగిలిన ఒళ్లు మామూలు పేడపురుగు. దానికి ఎప్పుడో పేరుంది కాబట్టి ఈ కొత్త పేరు చెల్లదు. అసలు కొత్త రకం ఇదిగో, నా ఏడు పురుగులు, దీని పేరు ఇదీ.

రాస్తూ ఒకచోట ఆగి నన్ను చూసింది. అతికించింది ఎవరో రాయాలి మావయ్యా, ఎవరో సిబ్బంది అని రాసేస్తాను అంది.

నాకు మళ్లీ చెవులు మండాయి. “సిబ్బందేమిటే? చీటీ మీద పేరు లేకుండా ఏదీ గుచ్చకూడదని నీకు నేర్పింది ఎవరు? నా పేరు, తేదీ, పళ్ల బ్రష్షు, పుస్తకంలో ఎక్కించలేదన్న ముక్కతో సహా రాయి.”

రాసింది. రెండు నెలలకి అచ్చయింది. తలుపు వేసుకునే పురుగుకి ఇప్పుడు తలుపు వేసుకునేది అనే పేరు, పక్కన మా పిల్ల పేరు, ఏడాది. మూడు పళ్ల కాళ్లున్న ఒక పురుగుని అది ఎంచుకుంటే, ఎర్ర చీటీ నేనే గుచ్చాను. నువ్వు జిగురు సీసా అటు పెట్టి అప్పుడు ముట్టుకో అంది.

పెద్దసారుకి ఏమీ కాలేదు. ఇంకో మెట్టెక్కి పైఅంతస్తుకి పోయాడు. మామగారి గోడ మీద ఫ్రేము అలాగే ఉందట. మాకు మాత్రం, గాజుపెట్టె పనికి ఇకపై సూదుల తాతని పిలవవద్దని ఒక కాగితం వచ్చింది. ఆ కాగితం తలుచుకుంటే ఇప్పటికీ నీళ్లు కాగుతాయి. ఒక్కటే తృప్తి. చెల్లని పేర్లని కూడా పురుగుల పేర్ల పుస్తకాలు పారెయ్యవు. ఊరూరా పేడకుప్పలో దొరికే ఆ మామూలు పురుగు పేరు కింద, చెల్లనివి అనే వరసలో, మామగారి పేరూ అల్లుడి పేరూ పక్కపక్కనే ఎప్పటికీ ఉంటాయి.

తలా ఒళ్లూ వేరైన ఆ పాత పురుగు తాళాలమ్మ బీరువాలోనే ఉంది. దాని కింద ఈసారి నేను కొత్త నీలం చీటీ రాసి గుచ్చాను. పోగుని కూడా చిన్న గాజుగొట్టంలో పెట్టి పక్కన ఉంచాం.

మొన్న మెట్ల దగ్గర పెద్దసారు ఎదురయ్యాడు. తప్పుకుపోతే బాగుండేది. ఆగి, గుమాస్తాలు వినేలా అడిగాడు.

“ఏం తాతా, ఇప్పుడేం కథలు చెప్తున్నావు?”

“మానేశాను సారూ,” అన్నాను. “ఇప్పుడన్నీ అచ్చయినవే.”